మాట కంటే ముందు చూపును గమనించండి

బిడ్డకు మాటలు ఆలస్యమైతే వసకొమ్ము అరగదీసి నాకించడం మన ఇళ్ళలో తరతరాల ఆచారం. "వాళ్ళ నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయి" అని పెద్దలు ధైర్యం చెప్పడమూ పరిపాటే. ఆయుర్వేదంపై నాకెంతో గౌరవమున్నా, ఈ నిరీక్షణను మాత్రం సమర్థించలేను.

1943లో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి వర్ణించిన ఆటిజంలో మాట ఒక భాగం మాత్రమే. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, కళ్ళలోకి చూడకపోవడం, ఏడాదిన్నరకైనా చందమామనో కాకినో వేలితో చూపకపోవడం, బొమ్మబండిని నడపక చక్రాలనే తిప్పుతూ కూర్చోవడం, వచ్చిన మాటలు పోవడం ముఖ్య లక్షణాలు. ఒక్క లక్షణంతోనే ఆటిజమని నిర్ధారించరాదు. వినికిడి లోపమూ కావచ్చు. అయితే నిపుణులకు చూపించడానికి ఆ ఒక్కటే చాలు.

ఇది తల్లి పెంపకంలోని లోపం కాదు, పూర్వజన్మ పాపమూ కాదు. దీనిని పూర్తిగా పోగొట్టే ఔషధం ఏ వైద్యవిధానంలోనూ లేదు. పసితనంలోనే ఆరంభించిన శిక్షణ వల్ల మాట, నలుగురితో మెలిగే తీరు మెరుగుపడతాయి. కనుక "అయిదేళ్ళు రానీ, చూద్దాం" అనకండి. అనుమానం కలిగిన నెలలోనే పిల్లల వైద్యుని సంప్రదించండి.