వేణ్ణీళ్ల యంత్రమునకు చోటెక్కడ?

చలికాలము వచ్చినదనగానే పెక్కు గృహములలో గ్యాస్ గీజరు మాట వచ్చుచున్నది. నీరు త్వరగా కాగును, కరెంటు పోయినను పని ఆగదు. కనుక దానిపై మోజు కలుగుట సహజమే. దాని గుణములను మేము కాదనము. దానిని స్నానపుగది గోడకు తగిలింపవచ్చునని పనివాడు చెప్పు మాటను మాత్రము ఒప్పుకొనజాలము. ఇంటికి వేరుగా కారుషెడ్డు గాని సామానుగది గాని యున్నవారు యంత్రమును అచ్చట పెట్టించుకొని, గొట్టముతో నీరు తెప్పించుకొనుట మేలని మా అభిప్రాయము.

మన పెద్దలు వేణ్ణీళ్ల కాగును పెరటిలో పెట్టిరి. పొగ కన్నులను మండించును గనుక మనుష్యుడు తానే దానికి దూరముగా తొలగును. గ్యాసుమంటకు పొగ లేదు. అందుచేతనే అది నిర్భయముగా గడప దాటి లోనికి వచ్చినది.

భృగుశాపముచే అగ్ని సర్వభక్షకుడయ్యెనని ఆదిపర్వమున చదివియున్నాము. ఆతని మొదటి ఆహారము గాలి. ఒక కిలో వంటగ్యాసు చక్కగా మండుటకు సుమారు 13 ఘనమీటర్ల గాలి కావలెను. నిమిషమునకు 6 లీటర్ల నీరు కాచు గీజరు గంటకు ఇంచుమించు ఒక కిలో గ్యాసును కాల్చును. వంటపొయ్యి మీది పెద్ద మంటకు ఇది నాలుగైదు రెట్లు. ఆరడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు గల స్నానపుగదిలోని గాలి 7 ఘనమీటర్లైనను ఉండదు. తలుపు బిగించి, చలిగాలి తగులునని కిటికీయు మూసి, ఇద్దరు పిల్లలకు వరుసగా తలంటి పోసినచో ఏమగునో లెక్క మీరే వేసికొనుడు.

గాలి అంతయు అయిపోవువరకు ప్రమాదము కాచుకొనియుండదు. ప్రాణవాయువు కొంత తగ్గగానే మంట సరిగా మండక కార్బన్ మోనాక్సైడు అను విషవాయువును విడుచును. దానికి రంగు లేదు, వాసన లేదు. గ్యాసు వ్యాపించిన ముక్కు చెప్పును గదా యనువారు కలరు. ఆ వాసన మనము పసిగట్టుటకై సిలిండరులోని గ్యాసున కలిపిన మెర్కాప్టాన్ వాసన. మండిన పిమ్మట అది ఉండదు. ఈ విషవాయువు రక్తములోని హెమోగ్లోబినును ప్రాణవాయువుకంటె 200 రెట్లకు మించిన బలముతో పట్టుకొనును. తలనొప్పి, వికారము, కాళ్లు తేలిపోవుట, పిదప స్పృహ తప్పుట. లోపల గడియ వేసియుండును; వెలుపలివారు స్నానమింకను కాలేదని విసుగుకొనుచుందురు. వైద్యులు దీనికి గ్యాస్ గీజర్ సిండ్రోమ్ అని పేరే పెట్టినారు.

షెడ్డులో పెట్టించుటకును చిక్కులు లేకపోలేదు. అరంగుళపు గొట్టము 10 మీటర్లు పోయినచో అందులో ఒకటి ఒకటిన్నర లీటరు నీరు నిలుచును. ఆ చన్నీరు వచ్చిన పిమ్మట గాని వేడినీరు రాదు. దానిని బకెట్టులో పట్టుకొన్నచో వృథా కాదు. చన్నీళ్లకు వేణ్ణీళ్లు తోడని సామెత ఉండనే యున్నది. సాధారణపు పీవీసీ గొట్టము వేడికి మెత్తబడును గనుక సీపీవీసీ గొట్టమే వేయించి, దానిపై నురుగు తొడుగు తొడిగింపవలెను. దూరము పెరిగినకొలది ధార సన్నగిల్లును; ధారకు బలము లేనిదే గీజరు వెలుగదు. కనుక గోడలు పగులగొట్టక మునుపే టాంకు ఎత్తును, ధారను చూచుకొనుట మంచిది.

షెడ్డు విషయమున మరియొక జాగ్రత్త. వంటగ్యాసు గాలికంటె బరువైనది. కారినచో నేలబారున ప్రాకి పల్లమున చేరును. పెట్రోలు ఆవిరియు అట్టిదే. బండి నిలుపు షెడ్డులో నిప్పు పుట్టు భాగము నేలకు 18 అంగుళముల ఎత్తున నుండవలెనని అమెరికా నిబంధన. గీజరును గోడపై ఛాతీ ఎత్తున తగిలించినచో ఇది తీరును. నేలదగ్గర ఒకటి, కప్పుదగ్గర ఒకటి జాలీలు ఉండవలెను. షట్టరు దింపినను అవి మూతపడరాదు. ఆ జాలీ స్నానపుగది కిటికీ క్రిందికి వచ్చినచో పడిన శ్రమ యంతయు వృథాయే. రబ్బరుగొట్టమును ఒకటిన్నర మీటరుకు మించనీయరాదు, గోడలోనుండి పోనీయరాదు.

ఇప్పటికే స్నానపుగదిలో గీజరున్నవారు, దానిని మార్పించువరకు, తలుపును కిటికీని తెరచి బకెట్లు నింపుకొని, యంత్రమును ఆర్పి, కొంతసేపు గాలి ఆడనిచ్చిన పిమ్మటనే స్నానమునకు పోవలెను. పిల్లలను లోపల గడియ వేసికొననీయకుడు. పిలిచినను లోపలివారు పలుకనిచో సందేహింపక తలుపు పగులగొట్టి, వారిని వెలుపలి గాలికి తెచ్చి, 108కి ఫోను చేయుడు.