పటము వెనుక పేరు

ఒక జాతి యెవరిని గౌరవించినదో తెలిసికొనుటకు దాని గోడలను చూచిన చాలును. ఛాయాచిత్రము మన దేశమునకు వచ్చిన తొలినాళ్లలో అధికారమునకే అలంకారమయ్యెను. హైదరాబాదునందు రాజా దీనదయాళు (1844–1905) నిజాము ఆస్థానచిత్రకారుడై నవాబులను, దొరలను చిత్రించెను. జిల్లాలలో కలెక్టరుగారికి బదిలీ యైనప్పుడు కచేరి మెట్లపై తీయించిన చిత్రములను మనలో అనేకులు చూచియే యుందురు: నడుమ కుర్చీలో దొర, ప్రక్కల తాసీల్దారులు, వెనుక గుమాస్తాలు, కొసను బంట్రోతులు. ఎవరి చోటేదో ఆ గాజుపలకయే తీర్పు చెప్పినది.

పత్రికాధిపతులకు లభించిన మర్యాద వేరు. 1908 లో స్వరాజ్య పత్రికలోని వ్రాతకుగాను గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రాజద్రోహనేరమునకు చెరసాల కేగిరి. 1910 నాటి ముద్రణశాసనము పత్రికలను ధరావతు కట్టుమని బెదరించెను. అట్టి కాలమున 1907 మొదలు 1945 లో కన్నుమూయువరకు కృష్ణాపత్రికను నడపిన ముట్నూరి కృష్ణారావుగారికి కచేరి మెట్లపై కుర్చీ యెవరు వేయుదురు? కాశీనాథుని నాగేశ్వరరావుగారి ఆంధ్రపత్రిక ఉగాది సంచికలు పండితుల, దేశసేవకుల చిత్రములను అచ్చువేసి యింటింటికి చేర్చుటచేత ఆ లోపము కొంత తీరెను. ప్రభుత్వము గోడ కెక్కింపని ముఖమును పత్రిక చేతికందించెను.

ఇంతకంటె హృదయవిదారకమగు నిదర్శనము మన సీమయందే యున్నది. అల్లూరి సీతారామరాజుగారి తండ్రి రాజమహేంద్రవరమున ఛాయాచిత్రకారుడు. అట్టివాని కుమారుని రూపమును లోకము ముఖ్యముగా నెరుగునది 1924 మే 7 న తుపాకిగుండునకు బలియైన పిమ్మట తీసిన చిత్రమువలననే. చాలకాలము పట్టుకొనలేని వానిని మరణానంతరము పటమున పట్టిరి! ఆ వీరుని సమాధియున్న కృష్ణదేవిపేట ఉప్మాక యున్న అనకాపల్లి జిల్లాలోనిదే.

దొరల పటములను తీసి పారవేయవలెనని మా వాదము కాదు. అవియు సాక్ష్యములే. అయితే దొర పేరు పటము క్రింద అచ్చయి యుండును. వెనుక నిలిచిన గుమాస్తా పేరు, కొసనున్న బంట్రోతు పేరు ఎక్కడనున్నవి? వారు మన తాతలు. వారిని గుర్తింపగల వృద్ధులు ఏటేట తగ్గిపోవుచున్నారు. వెండిలవణములతో నేర్పడిన ఆ చిత్రములు సముద్రతీరపు చెమ్మకు వెలిసి, బూజుపట్టి, గోడమీదనే నశించుచున్నవి. పేరులేని పటము రెండవ తరమునకు అపరిచితుడు, మూడవ తరమునకు చెత్త.

కర్తవ్యము కష్టమైనది కాదు. ఉప్మాక వేంకటేశ్వరస్వామి కల్యాణోత్సవమునకు చుట్టుప్రక్కల గ్రామములవారు కూడుదురు. ఆ దినములలో ఇండ్లలోని పాత పటములను ఒకచోట చేర్చి, వృద్ధులచే ముఖములను గుర్తింపజేసి, వెనుకవైపు అంచున మెత్తని పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరము వ్రాయవలెను. సిరా వ్రాసిన ముందువైపునకు ఊరును. గాజుపలకలను ఒకదానిపై నొకటి పేర్పక, కాగితము చుట్టి నిలువుగా నుంచవలెను. ప్రతి పటమునకు నకలు తీసి గ్రంథాలయమున నొకటి భద్రపరుపవలెను. ఉపాధ్యాయులు, గ్రంథాలయాధికారులు పూనుకొన్నచో ఇది నాలుగు దినముల పని.

వ్యక్తిపూజ యని కొందరు ఆక్షేపింతురు. గొప్పవారిని మాత్రమే తలచుట వ్యక్తిపూజ. కొసను నిలిచినవానికిని పేరుంచుట చరిత్ర. పరప్రభుత్వము 1947 లోనే తొలగిపోయెను. అది కుర్చీలు వేసి నిర్ణయించిన తారతమ్యము మన గోడలమీద ఇంకను ఏల నిలువవలెను?