కులం అడగని గొడుగు

కథలు, కవితలు ఉండాల్సిన వార్షికోత్సవ సంచికలో పారాచూట్ సైనికుల ముచ్చట ఎందుకని మిత్రులు అడగవచ్చు. సంక్షేమ హాస్టల్ పిల్లలం కాబట్టే ఈ చరిత్ర మనం చదవాలని మేమంటాం.

1941 అక్టోబరులో మన దేశంలో రెండు సైనిక దళాలు పుట్టాయి. ఢిల్లీలో 50వ పారాచూట్ బ్రిగేడ్, బెల్గాంలో మహార్ రెజిమెంట్ మొదటి బెటాలియన్. అంబేద్కర్ గారి తండ్రి రాంజీ సక్పాల్ సుబేదారు. అయినా 1890లలో బ్రిటిష్‌వారు 'యుద్ధ జాతి కాదు' అంటూ మహార్లకు సైన్యం తలుపు మూశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో అవసరం పడి తెరిచారు, తీరాక మళ్లీ మూశారు. ఉత్తరాదిన ఒకప్పుడు సిపాయిని 'తిలంగా' అనేవారు. ఆ పేరు తెచ్చిన తెలుగువాళ్లనూ ఆ సిద్ధాంతమే పక్కకు నెట్టింది.

పారాచూట్ బ్రిగేడ్ కూడా మొదట గదులు కట్టుకునే పుట్టింది. బ్రిటిష్‌వారికి ఒక బెటాలియన్, భారతీయులకు ఒకటి, గూర్ఖాలకు ఒకటి. మొదటగా దూకిన భారతీయుల్లో ఒకరు దక్షిణాది డాక్టర్ ఎ.జి. రంగరాజ్. తర్వాత ఆయన నాయకత్వంలో 60వ పారా ఫీల్డ్ అంబులెన్స్ కొరియా యుద్ధంలో క్షతగాత్రులకు వైద్యం చేసింది. ఆయనకు మహావీర్ చక్ర వచ్చింది. 1952లో పంజాబ్, మరాఠా, కుమావ్ బెటాలియన్లతో పారాచూట్ రెజిమెంట్ ఏర్పడింది. 1965 యుద్ధంలో మేజర్ మేఘ్ సింగ్ వేర్వేరు యూనిట్ల నుంచి ముందుకొచ్చిన వాళ్లతో మేఘదూత్ దళాన్ని కట్టారు. దాని నుంచే 1966లో 9 పారా కమాండో పుట్టింది. 1971 డిసెంబర్ 11న టాంగైల్‌లో 2 పారా దిగింది. 1988 నవంబరులో మాల్దీవుల ప్రభుత్వాన్ని కాపాడేందుకు ఆగ్రా నుంచి 6 పారా వెళ్లింది.

ఈ చరిత్రలో మాకు ముఖ్యమనిపించింది గెలుపుల లెక్క కాదు, ఎంపిక పద్ధతి. మూడు ప్రాంతాల బెటాలియన్లతో మొదలైన రెజిమెంట్ నేడు అన్ని ప్రాంతాల, అన్ని కులాల వాళ్లదైంది. పారా స్పెషల్ ఫోర్సెస్‌కు ఎవరికి వారు ముందుకు రావాలి, దాదాపు 90 రోజుల పరీక్షకు నిలవాలి. ఐదు సార్లు దూకితేనే రెక్కల బిళ్ల దక్కుతుంది. అదే రెక్కలు ధరించే రాష్ట్రపతి అంగరక్షక దళంలోకి మాత్రం చాలా కాలం జాట్, రాజ్‌పుత్, సిక్కు యువకులనే తీసుకుంటూ వచ్చారు. దానిపై కోర్టుల్లో ప్రశ్నలు లేచాయి. తలుపులు ఒక్కసారిగా తెరుచుకోవు. ఎవరో ఒకరు తట్టాలి.

మన జగిత్యాల, కోరుట్లలో విమానం అంటే అప్పు చేసి ఎక్కే గల్ఫ్ విమానమే. సిరిసిల్లలో సాంచాల చప్పుడే చాలామంది బతుకు. 1978లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన రోజులు చూసిన పెద్దలకు యూనిఫారం అంటే ఇప్పటికీ గుబులే. ఆ గుబులును మేము తప్పుపట్టం. కానీ దేశం సరిహద్దున నిలిచే యూనిఫారంలో మన పిల్లలకూ వాటా ఉందని గుర్తుచేస్తున్నాం.

అందరూ సైన్యంలోకే పోవాలని మా మాట కాదు. 2022లో వచ్చిన అగ్నిపథ్‌లో భర్తీ అన్ని కులాలకూ తెరిచారు, నిజమే. కానీ నాలుగేళ్ల తర్వాత నూటికి ఇరవై ఐదుగురు మించి ఉండరు. ఆ లెక్క తెలిసే నిర్ణయించుకోవాలి. ముందు ఆన్‌లైన్ రాత పరీక్ష ఉంటుంది. తర్వాత 1.6 కిలోమీటర్ల పరుగు, పుల్ అప్స్, 9 అడుగుల గొయ్యి దూకడం. చెల్లెళ్లూ, 1959లోనే వైమానిక దళ డాక్టర్ గీతా చందా పారాచూట్‌తో దూకిందని మరువకండి.

హాస్టల్‌కు మేము అడిగేది మూడే. పొద్దున పరుగుకు మైదానం, రాత పరీక్షకు పుస్తకాలు, నోటీసు బోర్డు మీద భర్తీ ప్రకటన. సైన్యంలో ఉన్న పూర్వ విద్యార్థులు సెలవులకు వచ్చినప్పుడు ఒక్క సాయంత్రం ఇక్కడ గడపండి. ఆకాశంలో విచ్చుకునే ఆ గొడుగు కింద ఎవరున్నారో దానికి తెలియదు. దాని దాకా పోయే బాట మాత్రం మన పిల్లలకు తెలియాలి.