అమ్మ రాత్రి ఏం తింది?



దీపావళి పండగ కబుర్లతో మొదలుపెట్టాల్సిన పేజీ ఇది. ఈసారి మనసు ఒప్పుకోవడం లేదు. సెప్టెంబరు చివర్లో, మన డాలస్ సంఘం దసరా కార్యక్రమానికి కోలాటం రిహార్సల్ జరుగుతుండగా ఏమైందో అక్కడున్నవాళ్లు చూశారు. లేనివాళ్లకి వాట్సాప్‌లో పది రకాలుగా చేరింది. మన చెల్లెలు ఒకామె రెండో పాట మధ్యలో కోలలు కింద పెట్టి గోడవారగా కూలబడింది. చేతులు చల్లబడిపోయాయి, మాట సరిగ్గా రావడం లేదు. ఇన్సూరెన్స్ కార్డు కోసం ఆమె బ్యాగు తెరిస్తే పైనే షేకర్ సీసా కనపడింది. లోపల తీగబంతి, అడుగున ఎండి అట్టకట్టిన పొడి. పొద్దున్న ఒక షేకు, మధ్యాహ్నం ఒక షేకు, మధ్యలో బ్లాక్ కాఫీ. పదకొండు రోజులుగా సాయంత్రం దాకా అంతే తిండి. ఆఫీసులో క్వార్టర్ ముగింపు, ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు, నవంబరులో తమ్ముడి పెళ్లికి భీమవరం ప్రయాణం. ఆలోగా పన్నెండు పౌండ్లు తగ్గి తీరాలని పట్టుదల.

ఆమె ఇప్పుడు బాగానే ఉంది. "పేరు లేకుండా రాయండి అన్నయ్యగారూ, ఇంకొకరికి ఇలా జరక్కూడదు" అని ఆమే అడిగింది. ఆ మాట మీదే రాస్తున్నాను.

ఆ రాత్రి నుంచి మన గ్రూపులో రెండు పక్షాలు తయారయ్యాయి. షేకులన్నీ విషమని ఒకరు, వాటితోనే ఇరవై పౌండ్లు తగ్గానని ఇంకొకరు. మనవాళ్లకి ఇది కొత్తా కాదు. మంతెన సత్యనారాయణరాజు గారి ఉప్పులేని వంటలు, వీరమాచనేని రామకృష్ణ గారి కొబ్బరినూనె, ఖాదర్ వలీ గారి సిరిధాన్యాలు, ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా మనం ఇలాగే రెండుగా చీలి వాదించుకున్నాం. ఈసారి రెండు పక్షాలనీ కాసేపు ఆగి వినమని బతిమాలుతున్నాను.

భోజనానికి బదులు తాగే షేకుకి ఒక లెక్క ఉంది. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు రాసే కోడెక్స్ 1991లోనే ఆ లెక్క పెట్టింది. ఒక పూట భోజనం మానేసి తాగేదైతే 200 నుంచి 400 కేలరీలు ఉండాలి, అందులో కనీసం పాతిక శాతం ప్రొటీన్ నుంచి రావాలి, విటమిన్లూ ఖనిజాలూ నిర్ణీత మోతాదులో కలవాలి. కండలు పెంచడానికి అమ్మే ప్రొటీన్ పొడి వేరు. దాన్ని భోజనంగా ఎవరూ తయారు చేయలేదు. మన ఇళ్లలో ఈ రెండు డబ్బాలూ ఒకే అలమరలో ఉంటాయి, ఒకే చెంచాతో కలుపుతాం, ఒకటి అయిపోతే రెండోది పోసుకుంటాం. 1976, 77 ప్రాంతాల్లో ఇక్కడ అమెరికాలోనే ఉత్త ద్రవ ప్రొటీన్ తాగి బరువు తగ్గే మోజు వచ్చింది. తాగినవాళ్లలో దాదాపు 60 మంది చనిపోయినట్టు ప్రభుత్వానికి సమాచారం చేరింది.

షేకులతో మేలు జరిగిన మాటా నిజమే. గ్రూపులో తరచూ తిరిగే ఒక బ్రిటన్ పరిశోధన ఫలితాలు 2017 డిసెంబరులో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. గ్లాస్గో నుంచి మైక్ లీన్, న్యూకాజిల్ నుంచి రాయ్ టేలర్ దాన్ని నడిపించారు. షుగర్, అధిక బరువు ఉన్న 306 మందిని తీసుకుని, వాళ్లలో సగం మందికి మూడు నుంచి ఐదు నెలలు రోజుకు సుమారు 850 కేలరీల షేకులూ సూపులే ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి ఆ సగంలో 46 శాతం మందికి మందు లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. రెండేళ్లకి అది 36 శాతం.

ఫార్వర్డ్ ఇక్కడితో ఆగిపోతుంది. ఆ పరిశోధనలో షేకు మొదలుపెట్టిన రోజే షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు డాక్టర్లే ఆపించారు. ఇన్సులిన్ వాడేవాళ్లని చేర్చుకోలేదు. షుగర్ వచ్చి ఆరేళ్లు దాటినవాళ్లనీ చేర్చుకోలేదు. తర్వాత మామూలు తిండిని కొన్ని వారాల పాటు కొంచెం కొంచెంగా, పక్కన మనిషి ఉండి, మళ్లీ అలవాటు చేశారు. ఈ నాలుగు ముక్కలూ నాకు ముందే తెలిసుంటే మా అమ్మకి ఆ రాత్రి వచ్చేది కాదు.

ఇది రాయాలా వద్దా అని మూడు వారాలు ఆలోచించాను.

మా అమ్మానాన్నలు రాజమండ్రిలో ఉంటారు. అమ్మకి 68 ఏళ్లు. షుగర్ వచ్చి పద్నాలుగేళ్లు. మోకాళ్ల డాక్టరు బరువు తగ్గమని చెప్పి రెండేళ్లయింది. నిరుడు మా ప్రాజెక్టు రిలీజు నడిచిన నాలుగు నెలలూ నేను మధ్యాహ్నం భోజనం మానేసి షేకు తాగాను, పద్నాలుగు పౌండ్లు తగ్గాను. వీడియో కాల్‌లో నా మొహం చూసి అమ్మ ముచ్చటపడింది. "నాకూ తెచ్చిపెట్టరా, ఈ మోకాళ్లతో మెట్లు ఎక్కలేకపోతున్నా" అంది. డిసెంబరులో వెళ్లేటప్పుడు రెండు టిన్నులు పెట్టెలో వేశాను. ఎలా కలపాలో నాన్నగారికి దగ్గరుండి చూపించాను. ఒక చెంచా పొడి, గ్లాసుడు నీళ్లు, రాత్రి భోజనం బదులు. ఏ మాత్రలు వేసుకుంటున్నావని అమ్మని అడగలేదు. ఆ మాత్రల అట్ట ఫ్రిజ్ మీద స్టీలు డబ్బాలోనే ఉంది, చెయ్యి చాపితే అందేది.

రాత్రి భోజనానికి పావుగంట ముందు అమ్మ వేసుకునేది గ్లిమెపిరైడ్. తిన్నా తినకపోయినా రక్తంలో చక్కెరని కిందికి లాగే రకం మాత్ర అది. కడుపులో గోధుమ నూక అన్నం, పప్పు, కూర ఉంటాయన్న లెక్క మీద డాక్టరు రాసిన మోతాదు. అన్నం స్థానంలోకి 200 కేలరీల గ్లాసు వచ్చింది. మాత్ర మాత్రం అలాగే ఉండిపోయింది. ఏడు నెలలు ఎలాగో నెట్టుకొచ్చింది. పొద్దున్నే నీరసంగా ఉంటోందని రెండుమూడుసార్లు అంది కూడా. బరువు తగ్గేటప్పుడు అలాగే ఉంటుందమ్మా అని నేనే చెప్పాను.

జూలైలో ఒకరోజు ధవళేశ్వరంలో బంధువుల ఇంట్లో వ్రతానికి వెళ్లి, అలసిపోయి వచ్చి, మాత్ర వేసుకుని, సగం గ్లాసు తాగి పడుకుంది. తెల్లవారుజాము మూడున్నరకి నాన్నగారికి మెలకువ వచ్చింది. దిండు తడిసి ముద్దయింది. అమ్మ ఏదో అంటోంది, ఒక్క మాటా అర్థం కావడం లేదు, ఆయన్ని గుర్తుపట్టడం లేదు. పక్షవాతం అనుకున్నారు. అవతలి వాటా పిన్నిగారు షుగర్ చూసే మిషను పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. 46 చూపించింది. మింగగలుగుతోంది కాబట్టి పంచదార నీళ్లు పట్టించారు. ఆసుపత్రిలో ఆ మాత్ర ప్రభావంతో షుగర్ మళ్లీ పడిపోవచ్చని ఒక రోజంతా ఉంచారు. నాన్నగారు ఫోన్ చేసినప్పుడు మనకి సాయంత్రం ఐదు గంటలు. ఆఫీసు నుంచి వస్తూ కారు రోడ్డు పక్కన ఆపి నాన్నగారి గొంతు విన్నాను. ఎనభై దగ్గర పడుతున్న మనిషి, ఎప్పుడూ తొణకని మనిషి, "ఏం చెయ్యమంటావురా" అని నన్ను అడిగారు.

తేరుకున్నాక అమ్మ నన్నొక్క మాట కూడా అనలేదు. "నువ్వు పంపిందే కదరా, మంచిదేలే అని తాగాను" అంది.

మన డాలస్‌లో ఎంతమంది ఇళ్లలో ఇదే కథ సగం దాకా నడిచిందో నాకు తెలుసు. మీ మొహాలు నాకు తెలుసు, మీ అమ్మానాన్నల షుగరూ తెలుసు. మనం పంపింది అయితే చాలు, వాళ్లు డాక్టరుని కూడా అడగరు. ఊళ్లో ఎవరైనా అమ్మితే పది ప్రశ్నలు వేసే నాన్న, కొడుకు పెట్టెలోంచి తీసి ఇచ్చిన డబ్బా మీద ఒక్క ప్రశ్న వేయడు. ఆ నమ్మకాన్ని పొడి కలిపినట్టు కలిపేయకండి, దండం పెడతాను.

కంచంలోంచి ఒకటి తీసేస్తే ఏం పోతుందో కంటికి కనపడదని మన గోదావరి డెల్టాకి వందేళ్ల కిందటే అనుభవమైంది. కాటన్ ఆనకట్ట కట్టాక అన్నానికి లోటు లేని గడ్డ మనది. అదే గడ్డ మీద, సర్కారు జిల్లాల తీరంలోనే బెరిబెరి జనాన్ని పీడించింది. కాళ్లలో సత్తువ పోయేది, ఒళ్లు వాచేది, గుండె దెబ్బతినేది. మిల్లులో తెల్లగా పాలిష్ పట్టిన పచ్చి బియ్యం అందుకు కారణం. తవుడుతో పాటు బి1 విటమిన్ పోయేది. ఉప్పుడు బియ్యం తినే చోట్ల ఆ జబ్బు అరుదు, ఎందుకంటే ధాన్యాన్ని ఉడికించేటప్పుడు ఆ విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది. 1918లో కూనూరులో బెరిబెరి మీద పరిశోధనకి ఒక్క గదిలో మొదలైన కేంద్రమే 1958లో హైదరాబాదు వచ్చి, ఇవాళ జాతీయ పోషకాహార సంస్థ అయింది. 2024 మేలో ఆ సంస్థే కొత్త ఆహార సూత్రాలు విడుదల చేస్తూ ప్రొటీన్ పొడుల జోలికి పోవద్దని చెప్పింది. మన తాతల జబ్బుతో మొదలైన సంస్థ మాట మనం వినకపోతే ఇంకెవరు వింటారు?

కాబట్టి నేను కోరేది ఇది. డిసెంబరు ప్రయాణాలకి పెట్టెలు సర్దేముందు ఇంటికి ఫోన్ చేసి మాత్రల అట్టలన్నీ ఫొటో తీసి పంపమనండి. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి గానీ, ఇన్సులిన్ గానీ ఉంటే, వాళ్ల డాక్టరు మోతాదు మార్చి రాసేదాకా ఆ టిన్ను పెట్టెలో పెట్టకండి. బీపీ మాత్రలున్నా, కిడ్నీ ఇబ్బంది ఉన్నా ఇదే మాట. ఇంట్లో షుగర్ చూసే మిషను, దాని స్ట్రిప్పులు ఉన్నాయో లేదో కనుక్కోండి. 70 కంటే తక్కువ చూపిస్తే, మింగగలిగితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వాలి, పావుగంటకి మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఈ నాలుగు మాటలూ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించి రండి.

మన సంగతి కూడా ఒక మాట. తీరిక లేని వారాల్లో ఒక పూట షేకు తాగితే తప్పేమీ లేదు, డబ్బా మీద లెక్క చదివి, మిగతా రెండు పూటలా సరైన తిండి తింటుంటే. మూడు పూటలా తాగాలనుకుంటే డాక్టరు దగ్గరికి వెళ్లండి. వెళ్లడానికి తీరిక లేదంటే మొదలుపెట్టకండి. ఆదివారం రాత్రి పెసలు నానబోసి పొద్దున్నే రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే పులియబెట్టే పని కూడా లేదు, మూడు రోజులు వస్తుంది. అట్టు పోస్తుండగానే పక్క పొయ్యి మీద రెండు గుడ్లు ఉడుకుతాయి. ఒక పెసరట్టు, అల్లం పచ్చడి, గుడ్లు, గ్లాసుడు పల్చటి మజ్జిగ. ఆ షేకు కలిపి, తాగి, సీసా కడుక్కునే టైము కంటే దీనికి మరీ ఎక్కువేమీ పట్టదు.

ఇక సంఘం విషయాలు. కార్తీక వనభోజనాలు ఈసారీ పార్కులోనే. వంటకం తెచ్చేవాళ్లు అందులో ఏమేం వేశారో, ముఖ్యంగా జీడిపప్పు, వేరుశనగ, నువ్వులు ఉంటే, చీటీ మీద రాసి గిన్నె పక్కన పెట్టాలి. బరువు తగ్గించే సరుకుల స్టాళ్లకీ, కరపత్రాలకీ వనభోజనాల్లో చోటు ఇవ్వకూడదని కార్యవర్గం తీర్మానించింది. దీని మీద ఎవరికైనా కోపం వస్తే అది నా మీద పెట్టుకోండి. పోయినసారి పులిహోర మిగిలి, పెరుగన్నం చాలలేదు, ఈసారి పెరుగన్నం తెచ్చేవాళ్లు ముందుకు రావాలి.

2022 ఏప్రిల్‌లో మన జిల్లాలు విడిపోయాక డైరెక్టరీలో కాకినాడ, కోనసీమ, ఏలూరు అంటూ గందరగోళం వచ్చింది. సభ్యత్వం రెన్యూ చేసేటప్పుడు ఊరు, మండలం రాస్తే చాలు, మిగతాది మేం చూసుకుంటాం. సంక్రాంతి సంచికకి రచనలు నవంబరు 30 లోపు పంపండి. అంశం "మా ఊరి కాలవ". పిల్లలు తెలుగులో చేత్తో రాసి పంపితే అలాగే అచ్చు వేస్తాం.

 ఆ రిహార్సల్ రాత్రి నేల మీద కూర్చుని మన చెల్లెలి తల ఒళ్లో పెట్టుకుని నాడి చూసిన డాక్టరమ్మకి సంఘం తరఫున ప్రత్యేకంగా నమస్కారం. తమ్ముడి పెళ్లికి వెళ్తున్న ఆ చెల్లెలికి మనందరి తరఫున చెబుతున్నాను: నువ్వు ఎలా ఉన్నావో అలాగే వెళ్లమ్మా, విస్తరి ముందు కూర్చుని కడుపారా తిను.

సంచిక తర్వాత చదవచ్చు. మీరిది సాయంత్రం చదువుతుంటే అక్కడ పొద్దుపొడుస్తూ ఉంటుంది, అమ్మ లేచే ఉంటుంది. ఫోన్ చేసి, బాగున్నావా అని అడిగి పెట్టేయకండి. రాత్రి ఏం తిన్నావు, ఏ మాత్ర వేసుకున్నావు, ఈ రెండూ కలిపి అడగండి.