ఎయిర్ అంబులెన్స్ పైలట్‌కు పేషెంట్ వివరాలు చెప్పరు.. ఎందుకో తెలుసా?

మారుమూల ప్రాంతంలో ఎమర్జెన్సీ. ఎయిర్ అంబులెన్స్‌కు కాల్ వచ్చింది. పైలట్‌ను అడిగేది ఒక్కటే.. ఇక్కడి నుంచి ఫలానా చోటికి ఇప్పుడు వెళ్లగలరా? పేషెంట్ పసిబిడ్డా, నిండు గర్భిణా, గుండెపోటు కేసా.. ఇవేవీ ముందు చెప్పరు. అమెరికాలో చాలా ఎయిర్ అంబులెన్స్ సర్వీసులు పాటించే పద్ధతి ఇది. వినడానికి కటువుగా ఉన్నా దీని వెనుక పెద్ద కారణమే ఉంది.

'వెళ్లలేను' అనడమే అసలు కష్టం

చిన్నారి ప్రాణం మీదకు వచ్చిందని తెలిస్తే ఏ పైలట్ మనసూ ఆగదు. మబ్బు కమ్మినా, చీకటి పడినా 'ఎలాగోలా వెళ్లొచ్చేద్దాం' అనిపిస్తుంది. ప్రమాదం అక్కడే మొదలవుతుంది. హెలికాప్టర్ కూలితే పేషెంట్‌తో పాటు పైలట్, డాక్టర్, నర్సు ప్రాణాలూ పోతాయి. అందుకే ముందు వాతావరణం, దూరం, ఇంధనం చూసి పైలట్ ఓకే చెప్పాలి. మిగతా వివరాలు ఆ తర్వాతే.

అమెరికా ఈ పాఠం నేర్చుకోవడానికి భారీ మూల్యమే చెల్లించింది. హెలికాప్టర్ అంబులెన్సులకు అప్పటివరకు అత్యంత ఘోరమైన ఏడాదిగా 2008 నిలిచింది. 2014లో అక్కడి విమానయాన సంస్థ ఎఫ్ఏఏ కొత్త రూల్స్ తెచ్చింది. టేకాఫ్‌కు ముందే రిస్క్ లెక్క కట్టాలి. కొండలు, టవర్లు దగ్గరపడితే హెచ్చరించే పరికరం ఉండాలి. 10 లేదా అంతకన్నా ఎక్కువ హెలికాప్టర్లు నడిపే సంస్థకు కంట్రోల్ సెంటర్ తప్పనిసరి. అంటే భారమంతా పైలట్ ఒక్కరి మీదే వదలకుండా, పక్కన ఒక వ్యవస్థను నిలబెట్టారు.

ఆస్ట్రేలియాలో 1928 నుంచే..

పల్లెలకు విమానంలో వైద్యం అంటే ముందుగా చెప్పుకోవాల్సింది ఆస్ట్రేలియా ఫ్లయింగ్ డాక్టర్ సర్వీసునే. 1928 మే 17న క్లాన్‌కరీ నుంచి జూలియా క్రీక్‌కు తొలి ఫ్లైట్ వెళ్లింది. పైలట్ ఆర్థర్ అఫ్లెక్, డాక్టర్ సెయింట్ విన్సెంట్ వెల్ష్. విమానంలో రేడియో కూడా లేదు. కింద కనిపించే వాగులు, కంచెలు, టెలిగ్రాఫ్ తీగలే దారి చూపేవి.

ఇప్పుడు విమానాలు మారాయి. అయినా నేల మీద జనం సాయం లేనిదే పని జరగదు. మట్టి రన్‌వేని ఊరివాళ్లే బాగుచేసి ఉంచుతారు. విమానం దిగే ముందు జీపులో అటూ ఇటూ తిరిగి కంగారూలను తరిమేస్తారు. లైట్లు లేనిచోట రాత్రిపూట దీపాలు వెలిగించి పెడతారు. కొన్ని హైవేలపై విమానం దిగేందుకు ప్రత్యేకంగా మార్కింగ్ కూడా ఉంటుంది.

మన దేశంలో పరిస్థితి ఏంటి?

రిషికేశ్ ఎయిమ్స్‌లో 'సంజీవని' హెలికాప్టర్ అంబులెన్స్ సేవను 2024 అక్టోబర్ 29న ప్రధాని మోదీ ప్రారంభించారు. 2025 మే 17న పేషెంట్ కోసం కేదార్‌నాథ్ వెళ్లిన ఎయిమ్స్ హెలికాప్టర్ దిగే సమయంలో తోక భాగం విరిగిపోయింది. అదృష్టం బాగుండి లోపలున్న ముగ్గురూ బయటపడ్డారు. సరిగ్గా నెల తిరగకముందే, జూన్ 15న గౌరీకుండ్ దగ్గర యాత్రికుల హెలికాప్టర్ కూలి పైలట్ సహా ఏడుగురు చనిపోయారు. అది అంబులెన్స్ కాదు. కానీ ఎగిరేది అవే లోయల మీదుగా.

కేదార్‌నాథ్ ఎత్తు సుమారు 3,580 మీటర్లు. అంత ఎత్తులో గాలి పలచన. దాంతో హెలికాప్టర్ మోయగలిగే బరువు తగ్గిపోతుంది. నిమిషాల్లో మబ్బు కమ్మేస్తుంది. జూన్ ప్రమాదం తర్వాత కమాండ్ అండ్ కోఆర్డినేషన్ సెంటర్ పెడతామని, హిమాలయాల్లో అనుభవమున్న పైలట్లనే అనుమతిస్తామని ఉత్తరాఖండ్ ప్రభుత్వం ప్రకటించింది. మంచి నిర్ణయమే. కాకపోతే ప్రాణాలు పోయాక వచ్చింది.

మన ఏజెన్సీకి వస్తే?

అల్లూరి జిల్లాలో డోలీ మోతల వీడియోలు వచ్చినప్పుడల్లా 'హెలికాప్టర్ పెట్టొచ్చు కదా' అని కామెంట్లు కనిపిస్తాయి. ఆవేదన న్యాయమైనదే. అయితే హెలికాప్టర్ దిగాలంటే చదునైన చోటు కావాలి. దారి లేని ఊళ్లో అక్కడి వరకు పేషెంట్‌ను మళ్లీ డోలీలోనే మోయాలి. పైగా లంబసింగి పొగమంచు టూరిస్టులకు ముచ్చట, పైలట్‌కు మాత్రం ఎదురుగా గోడ. వాతావరణం బాగాలేని రోజు హెలికాప్టర్ రాదు, రాకూడదు. ఆ రోజు పేషెంట్‌ను కాపాడేది రోడ్డు, బైక్ అంబులెన్స్, దగ్గర్లోని పీహెచ్‌సీలో ఉండే డాక్టరే. 2025 ఏప్రిల్‌లో 'అడవితల్లి బాట' పేరుతో మొదలైన రోడ్ల పనులు ఎంత త్వరగా పూర్తవుతాయన్నది అందుకే ముఖ్యం.

ఎయిర్ అంబులెన్స్ కావాలా వద్దా అంటే కచ్చితంగా కావాలి. ఏ ప్రభుత్వమైనా హెలికాప్టర్‌కు జెండా ఊపేముందు రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. పైలట్ 'ఈరోజు కుదరదు' అంటే ఆ మాటకు విలువ ఇస్తారా? అలా అన్న రోజు పేషెంట్‌కు ఇంకో దారి ఉందా?