ఫిల్మ్‌నగర్ కంప్యూటర్లకు తెలుగు నేర్పుదాం

జూబ్లీహిల్స్ ఆఫీసుల్లో కథలు తెలుగులోనే చెబుతారు, సీను గురించి తెలుగులోనే వాదించుకుంటారు. ఆ గదుల్లోని కంప్యూటర్ల మెనూలు మాత్రం దాదాపు అన్నీ ఇంగ్లిషే. ఎడిటింగు నేర్చుకుందామని పల్లెటూరి నుంచి ఫిల్మ్‌నగర్ వచ్చిన కుర్రాడికి అక్కడే కాళ్లు తడబడతాయి. ఈ సంచిక అతని కోసం.

మన చేతులు ఖాళీగా ఏమీ లేవు. అమెరికాలోని సిలికానాంధ్ర అందించిన ఓపెన్‌సోర్స్ తెలుగు ఫాంట్లలో ఒకదాని పేరు ఎన్టీఆర్! గిడుగు, సురవరం, ధూర్జటి, రామభద్ర కూడా ఆ వరసలోవే. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, సినిమా పోస్టరు మీదా వేసుకోవచ్చు. కంప్యూటర్ల అక్షర ప్రమాణమైన యూనికోడ్‌లో మన లిపికి 1991లోనే చోటు దక్కింది. ఒత్తులనూ గుణింతాలనూ తెర మీద సరైన చోట కూర్చే హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఓపెన్‌సోర్సే. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన స్క్రిప్టు, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పిచ్చిరాతలా కనిపించేది. యూనికోడ్‌లో రాస్తే ఆ బాధ లేదు.

ఇక మిగిలింది మనుషుల పని. ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ తెలుగులో దొరుకుతున్నాయంటే ఓపిగ్గా ఒక్కో వాక్యాన్నీ తెలుగు చేసిన స్వచ్ఛంద కార్యకర్తల పుణ్యమే. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ ఏళ్లుగా ఈ దారిలో నడుస్తోంది. కొత్త వెర్షను వచ్చినప్పుడల్లా కొత్త వాక్యాలు వచ్చి చేరతాయి, తీరిక వేళల శ్రమ సరిపోదు. యానిమేషన్‌కు వాడే బ్లెండర్, ఎడిటింగుకు వాడే కెడెన్‌లైవ్ వంటి సాఫ్ట్‌వేర్లను పూర్తిగా తెలుగు చేసేవాళ్లకు జీతాలిచ్చేందుకు, ఒక్క పాట చిత్రీకరణ ఖర్చులో కొంత పక్కన పెట్టాలని మన నిర్మాతలనూ, ఫిలిం ఛాంబర్‌నూ గట్టిగా అడుగుతున్నాం.