గబ్బిలముల పురుగులు, మన చింతచెట్లు

మామిడి కాపు పక్వమునకు వచ్చు దినములలో గబ్బిలములపై ఫిర్యాదులు సంఘమునకు వచ్చుచునే యుండును. అవి పండ్లను పాడుచేయుననుట న్యాయమైన ఫిర్యాదే. జామ, సపోటా, మామిడి తోటలలో వానివలన గలుగు నష్టమును మే మెఱుగుదుము. కాని యీ నడుమ వేఱొక మాట బయలుదేరినది. గబ్బిలముల రెట్టలోని పురుగుల గ్రుడ్లు పండ్లపై బడి పిల్లల కడుపులలో పురుగులను పెంచుచున్నవట! కావున నవి వ్రేలాడు చింతలను, మఱ్ఱులను నఱికింపవలెనట! ఈ మాటను మేము సమ్మతింపజాలము.

గబ్బిలములకు పురుగులు లేవని మా వాదము గాదు. కీటకములను దినెడి చిన్న గబ్బిలముల ప్రేగులలో జలగజాతి పురుగులు తఱచు కానవచ్చును. అవి పిల్లదశలో నత్తలయందును, పిమ్మట నీటికీటకములయందును పెరిగి, ఆ కీటకములను దినిన గబ్బిలమును జేరును. బద్దెపురుగులును, నూలుపోగువంటి సన్నని పురుగులును గలవు. అయినను గబ్బిలమునకు పురుగు గలదనుట వేఱు, ఆ పురుగే మన బిడ్డకు వచ్చినదనుట వేఱు. నిపుణులు పురుగును ప్రేగునుండి యేరి, ఆల్కహాలులో నిలువచేసి, సూక్ష్మదర్శినిక్రింద దాని పెదవులను, పీల్చుగిన్నెలను, కొక్కెములను, మగపురుగు తోకకొనను పరిశీలించి జాతిని నిర్ణయింతురు. నేడు డి.ఎన్.ఎ. వరుసలనుగూడ పోల్చుచున్నారు. గ్రుడ్డు నొక్కదానినే చూచి జాతి చెప్పుట వారికే కష్టము. రచ్చబండపై గూర్చుండి మన మెట్లు చెప్పగలము?

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు రాష్ట్రమున పామ్ ఐలండను దీవి గలదు. 1979 నవంబరులో నచ్చట 138 మంది పిల్లలును, 10 మంది పెద్దలును వాంతులతోడను, కాలేయపు వాపుతోడను ఆసుపత్రిపాలైరి. కారణము వెంటనే తెలియలేదు. కొన్నియేండ్లకు ఒక యూహ ప్రకటింపబడెను: పెద్ద గబ్బిలములయందుండు టాక్సోకారా టెరోపోడిస్ అను ఏలికపాము గ్రుడ్లు మామిడిపండ్లపై బడి పిల్లల కడుపులలో జేరినవని. అనగా నేడు మనవారు చెప్పుచున్న మాటయే.

తరువాత ఆ పురుగు జీవితక్రమమును శోధించిరి. పెద్ద గబ్బిలము మ్రింగిన గ్రుడ్లనుండి వెడలిన పిల్లపురుగులు దాని కాలేయమున దాగియుండును. తల్లి యీనిన పిమ్మట నవి పాలద్వారా పిల్లను జేరి, ఆ పిల్ల ప్రేగులలో పెద్దవై గ్రుడ్లు పెట్టును; పిల్ల పాలు మానుసరికి వెడలిపోవును. కావున దీనిని వెదకవలసినది పాలుగుడుచు పిల్లలలో. గేదెలను సాకువారికి ఇది వింతగాదు. దూడలకు వచ్చు ఏలికపాము, టాక్సోకారా విటులోరమ్, దీని దాయాదియే. అదియు తల్లిపాలద్వారానే వచ్చును. అందుచేతనే దూడ పదునైదు దినములదగుసరికి పశువైద్యునడిగి మందు పట్టవలెనని మేము చెప్పుచుందుము.

మఱి పామ్ ఐలండులో నేమి జరిగినది? జబ్బు పుట్టుటకు కొలదిదినములముందు, మంచినీటి జలాశయములో నాచు పెరిగినదని మైలుతుత్తము చల్లిరి. నీలిపచ్చ నాచు చచ్చి దానిలోని విషము నీటిలో గలిసెనని పిదప తేలెను. మైలుతుత్తమే విషమైనదని వాదించినవారును గలరు. ఎట్లైనను దోషము త్రాగునీటిది. చెఱువులో నాచునకు మైలుతుత్తము చల్లుదమను సభ్యులు ఈ సంగతిని మఱియొకసారి చదువుదురు గాక.

మన పిల్లల ఏలికపాములును, కొంకిపురుగులును మనుష్యుల మలమునుండి నేలను జేరి, నేలనుండి మరల మనుష్యులను జేరునవి. ఊరిలోని చెట్లన్నియు కొట్టినను వానిలో నొక్కటియు తగ్గదు. మరుగుదొడ్డి, చెప్పులు, చేతులు కడుగుకొనుట, బడిలో నిచ్చు అల్బెండజోల్ మాత్ర, ఇవి తగ్గించును.

గబ్బిలము కొఱికిన పండును తినవచ్చునని మా యర్థము గాదు. 2018లో కేరళలోని కోళిక్కోడు, మలప్పురము జిల్లాలలో నిపా జ్వరము పలువురి ప్రాణములు గొన్నది. అది వైరసు, పురుగు గాదు. అప్పుడును మొదట బావిలో పట్టి పరీక్షించినవి కీటకములను దిను గబ్బిలములు. వానియందు వైరసు లేదు. పండ్లు దిను గబ్బిలములలో నది తరువాత కనబడినది. కాటుపడిన పండును చేతి కేదైన తొడుగుకొని తీసి పాతిపెట్టుడు. మంచి పండును కడిగి, తొక్కదీసి పిల్లల కిండు.

1972 నాటి వన్యప్రాణి చట్టమున పండ్లు దిను గబ్బిలములు ఎలుకలతోడను, కాకులతోడను హానికరముల పట్టికలో నుండెను. 2022 సవరణతో నా పట్టికయే తొలగినది. ఇప్పచెట్టు పూవునకు పరాగము మోసి, గింజను దూరమున జల్లు ఈ ప్రాణికి అది న్యాయమే యని మా యభిప్రాయము.

రాబోవు సమావేశమున చెట్లు నఱకు తీర్మానమునకు బదులు, తోటలకు వలలు ఉమ్మడిగా కొను తీర్మానమును తెండు. వదులుగా వ్రేలాడు వలలో గబ్బిలము చిక్కి చచ్చును. దానిని విడిపింపబోయి కాటు తినుటయు గలదు. బిగువుగా చట్రమునకు గట్టునవే కొనవలెను. దూడల పేడను పరీక్షకు పంపగోరువారు తమ పేర్లను ఆ దినముననే వ్రాయించుకొనవచ్చును.